పళ్ళెం మీద నా పేరు

“అచ్చం నువ్వే!” అంటూ సినిమా హాల్లో మా ఆయన జ్ఞానేశ్వర్ నా మోకాలి మీద చరిచాడు. తెర మీద ఒకావిడ స్టూలెక్కి సజ్జ మీది బిందె దించబోయింది. అందులో తల ఇరుక్కుని, కిందపడి చచ్చిపోయింది. హాలంతా ఘొల్లున నవ్వింది. సినిమా మొత్తం ఇలాంటి చావులే. ఒకాయన తిరగని కూలరును కాలితో తన్ని షాకు కొట్టి పోతాడు, ఇంకొకాయన నెత్తిన వాళ్ళింటి దిష్టి గుమ్మడికాయే ఊడిపడుతుంది. మా అత్త ఉమాబాయి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ‘మొకం మాడ్చుకున్నవేంది’ అంటారు. కానీ నా మనసు ఆ స్టూలు దగ్గరే ఆగిపోయింది. తర్వాత కథ ఎటు పోయిందో నాకు తెలియదు.

నాందేడ్ బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. పెద్ద సరుకంతా మా వంటింటి సజ్జ మీదే ఉంటుంది. “సారికా, పెద్ద గంగాళం దించు!” అని కింది నుంచి కేక రాగానే పొయ్యి తగ్గించి స్టూలెక్కేది నేను. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి, అట్టముక్క పెట్టి నడిపిస్తున్నాను. నిచ్చెన కొనమని పెళ్ళయిన కొత్తలో అడిగాను. కడుపుతో ఉన్నప్పుడు అడిగాను. “ఇన్నొద్దులు పడ్డవా? పడలేదు గద!” అంటాడు ఆయన. పడ్డాక కొంటాడు కాబోలు.

గిన్నెల మీద పేర్లు కొట్టే పని కూడా నాదే. “ఇంట్ల మనిషి ఉండంగ బయటోడు ఎందుకు?” అని అత్త తేల్చేసింది. సినిమా చూసిన మర్నాడు, వంటిల్లు సర్ది కిందికి దిగేసరికి కర్ఖేలి ఊరి భోజన్న పళ్ళాలు పేర్చి ఉన్నాయి. వాళ్ళమ్మ ముత్తవ్వ దినాలకు పంచడానికట. పోయినవాళ్ళ గుర్తుగా పళ్ళాలు పంచడం, పేరు ముందు కైలాసవాసి అని చెప్పడానికి ‘కై.’ అని వేయడం మా దగ్గర రివాజు.

పేర్లు కొట్టే మిషను గుర్రుమంటోంది. చెయ్యి దానంతటదే తిరుగుతోంది. పళ్ళాల మీద పడిన ఎండ గోడ మీద నీళ్ళలా కదులుతోంది. ఆ కదలికలో మా వంటిల్లు కనిపించింది. నేల మీద నేను, నా తలకు బిందె. లోపల ఎంత చల్లగా ఉందో! ఎవరి కేకా వినబడటం లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నాకంటూ ఒక గది దొరికినట్టుంది. “చాయ్ ఇంక రాదేంది?” అంటూ ఆయన వచ్చాడు, నన్ను చూసి తల పట్టుకున్నాడు. “సొట్ట పడకుంట తియ్యుండ్రి, కొత్త సరుకు!” అన్నాడు. “ముందుగాల పొయ్యి మీద పాలు చూడుండ్రి,” అంది అత్త. గుమ్మంలో ఎవరెవరో నిలబడి, టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళలా నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే భయమేసింది. నాకు చావాలని లేదు. ఆ సంగతి ఇంత గట్టిగా నాకు నేను ఎప్పుడూ చెప్పుకోలేదు.

“గిదేంది?”

తలెత్తితే నిజంగానే ఆయన, చేతిలో నేను కొట్టిన పళ్ళెం. దాని మీద మరాఠీలో, నా గుండ్రటి రాతలో, ‘కై. సారిక స్మరణార్థం’ అని ఉంది.

నా దినాల పళ్ళెం మీద నా పేరు నేనే కొట్టుకున్నాను. ఆయన దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మంచి పళ్ళెం ఖరాబ్ చేసినవ్. దీన్ని ఇప్పుడు ఎవడు కొంటడు?”

“అగో! భోజన్న చూస్తే దుకాణం ఇజ్జత్ పోతది, దాచిపెట్టు!” అంది అత్త.

నీకేమైంది అని అడుగుతారేమోనని చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలాసేపు చూశాను. ఇంతలో పెళ్ళి సామాన్లకని ఎవరో దుకాణం మెట్లెక్కారు. ఆయన పళ్ళెం నా ముందు పడేసి, “పైకి పో, పెద్ద గంగాళం దించు. జల్దీ!” అన్నాడు.

నేను మిషను అందుకున్నాను. ‘కై.’ను కొట్టేశాను. ‘స్మరణార్థం’ కూడా కొట్టేశాను. మధ్యలో నా పేరు మిగిలింది. ఇన్ని వేల గిన్నెలున్న ఇంట్లో నా పేరున్నది ఇదొక్కటే. రాత్రికి ఇందులోనే తినాలనుకున్నాను.

“ఇనవడ్తలేదా?”

“ఇనవడ్డది. మీరెక్కుండ్రి,” అన్నాను.

ఆయన వచ్చినవాళ్ళ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “పాగల్ అయినవా? ఆ స్టూలు ఊగుతది. నేను పడితే?”

అది ఊగుతుందని ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు.

పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడిచాను.

“నిచ్చెన అచ్చినంక పిలువుండ్రి,” అన్నాను.