అంచుకు అంటిన నీలం

"పాపకాండీ?" అన్నాడు పాత పుస్తకాల కొట్టాయన.

ఆమె నోరు తెరిచేలోపే మొగుడు అందుకున్నాడు. "పాపకి కాదండీ, మా ఆవిడకే! పీజీ ఎంట్రెన్సు రాస్తోంది. కెమిస్ట్రీ."

ఆ మాట వీధి చివరిదాకా వినబడింది. రోజంతా రంపం మోతలో పనిచేసే వడ్రంగికి మెల్లగా మాట్లాడటం చేతకాదు. పక్కన పుస్తకాలు తిరగేస్తున్న ఇద్దరు ఆడపిల్లలు తలెత్తి చూశారు. ఆమె చేతిసంచీని పొట్టకు అదుముకుంది.

"డిగ్రీ ఎప్పుడయిందమ్మా?"

చెప్పింది. ఆయన ఒక అరకి ఆనించి ఉన్న నిచ్చెనను తీసి, వెనకవైపు, బాగా పాతవి ఉన్న అరకి ఆనించాడు. ఆ జరపడంలోనే తన ఏళ్లన్నీ కళ్ల ముందు కనబడ్డాయి ఆమెకి.

ఆమె బట్టలకు రంగులు వేసే మిల్లులో పనిచేస్తుంది. మొదట్లో కొన్నేళ్లు తొట్ల దగ్గర, ఆవిరిలో నిలబడింది. ఆ రోజుల్లో పట్టుకున్న దగ్గు మందులకు లొంగలేదు. డిగ్రీ ఉందని తెలిశాక మేడమీద రంగులు పరీక్షించే గదికి మార్చారు. అక్కడ గుడ్డముక్క రంగులో ముంచి, ఆరబెట్టి, దీపం కింద నమూనాతో సరిచూడాలి. కూర్చుని చేసుకునే పని. దగ్గు దానంతటదే పోయింది. ఇప్పుడు ఆ సరిచూసే పనికి యంత్రం వస్తోంది. యంత్రం ముందు కూర్చోవాలంటే పీజీ ఉండాలి, కనీసం సీటు తెచ్చుకుని చదువుతూ అయినా ఉండాలి. లేకపోతే మళ్లీ కిందికి, తొట్ల దగ్గరికే. ఈ సంగతి చెప్పేటప్పుడు మేనేజరు ఆమె వంక చూడలేదు, కిటికీ వంక చూశాడు.

కొట్టాయన బల్లమీద పుస్తకాలు పరిచాడు. సన్నటి గైడు ఒకటి. దాన్నిండా ప్రశ్నలూ జవాబులే. తెరిచి చూసింది. జవాబు 'సి' అని ఉంది. ఎందుకు 'సి' అయిందో లేదు. ఇంకొకటి ఇటుకంత లావు, దానికి రెండో ఇటుక కూడా ఉంది. మొదటి భాగం, రెండో భాగం.

వీటన్నిటికీ కింద, బల్ల మూలన, హైస్కూలు పిల్లల రసాయనశాస్త్రం ఉంది. అట్టమీద గాజు కుప్పెలో గులాబిరంగు నీళ్ల బొమ్మ. ఆమె చెయ్యి తెలియకుండానే దాని మీదికి పోయింది. నిజానికి తనకు కావలసింది అదే. సమీకరణం అంటే ఏమిటో మళ్లీ మొదటినుంచి ఎవరైనా చెప్పాలి.

"అది చిన్నపిల్లలదమ్మా," అన్నాడు కొట్టాయన.

"తెలుసు. ఊరికే చూస్తున్నా," అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సన్నది కొంటే సన్న చదువే వస్తుంది," అన్నాడు మొగుడు. "లావుది ఇవ్వండి. దూలం గట్టిగా ఉంటే పైకప్పు సంగతి తర్వాత చూసుకోవచ్చు."

కొట్టాయన నవ్వి, మొదటి భాగం ప్రతులు నాలుగు దింపి, నిలువుగా పేర్చాడు. "అట్ట చూడకండి, అంచు చూడండి. చదివినంతమేర చేతి మట్టితో నల్లబడుతుంది. చదవనిచోట తెల్లగా ఉంటుంది. ఎవడు ఎక్కడ మానేశాడో ఇట్టే తెలిసిపోతుంది."

మొగుడు వంగి చూశాడు. చెక్కలో చారలు చూసేటప్పుడు ఎలా చూస్తాడో అలా. నాలుగింటికీ నలుపు పావువంతు దగ్గర ఆగిపోయింది. ఆపైన పాలలాంటి తెలుపు.

"అందరూ అక్కడే ఆగారేంటండీ?"

"మూడో అధ్యాయం," అన్నాడు కొట్టాయన, ఊళ్లో అందరూ జారిపడే గుంట పేరు చెప్పినట్టు. "అసలు మొదటి భాగం చివరిదాకా చదివి తెస్తే, అది తీసుకుని రెండోది ఊరికే ఇస్తానని కొట్టు పెట్టినప్పటినుంచీ చెబుతున్నా. ఒక్కడైనా తెస్తేగా!"

"మా ఆవిడ తెస్తుంది, రాసిపెట్టుకోండి," అన్నాడు మొగుడు.

ఆడపిల్లలు మళ్లీ చూశారు. ఆమెకు ఆ క్షణాన మొగుడి నోరు మూయాలనీ అనిపించింది, ఆ మాట నిజం చేయాలనీ అనిపించింది.

ఆ నాలుగింట్లో ఒకటి కొన్నారు. ఇంట్లో వసారా మూల ఆమెకు బల్ల అమరింది. పుస్తకం మీదికి వంగి మెడ నొప్పెట్టకుండా ఏటవాలు పీట చేసిపెట్టాడు మొగుడు. సాయంత్రం వంట అత్త తీసుకుంది.

"నా పెళ్లయినప్పుడు మా అత్త నాకు గరిటె ఇచ్చింది. ఇప్పుడు నా కోడలూ నాకు గరిటే ఇచ్చింది. పుస్తకం మాత్రం ఎవరూ ఇవ్వలేదమ్మా," అనేది పొయ్యి దగ్గరనుంచి.

"నువ్వు చదివితే వంటెవరు చేస్తారే అమ్మా?" అనేవాడు మొగుడు.

"నువ్వు చెయ్యరా. చెక్క కోసేవాడివి, వంకాయ కొయ్యలేవా?"

నవ్వుకునేవాళ్లు. ఆమె కూడా నవ్వి, తల మళ్లీ పుస్తకంలో పెట్టేది. మొదటి అధ్యాయం ఎలాగో అయింది. రెండోది మొదటిదాన్ని మరిపిస్తూ అయింది. మూడోదానిలో, తోకమీద నిలబడిన పాముల్లాంటి గుర్తులు పేజీ పొడుగునా వచ్చాయి. ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య 'దీన్నిబట్టి తేలికగా తెలుస్తుంది' అని రాసి ఉంది. ఎవరికి తెలుస్తుందో రాయలేదు.

ఎంత తోమినా ఆమె వేళ్లకు మిల్లు నీలం కొంచెం మిగిలే ఉండేది. పుస్తకం అంచున పాత నలుపు మీద ఆ నీలం సన్నగా పడుతూ వచ్చింది. మొగుడు ఇంటికి రాగానే చెప్పులు విడిచి, ముందు పుస్తకం తీసేవాడు. చిత్రిక పట్టిన చెక్కను తడిమినట్టు బొటనవేలితో అంచు తడిమి, "ఇవాళ ఇంత జరిగిందే!" అనేవాడు. మూడో అధ్యాయం దగ్గర నీలం ఆగిపోయాక కూడా రోజూ తడిమేవాడు.

"కష్టంగా ఉందా?"

"లేదు. మళ్లీ చదువుతున్నా."

"అదీ! గట్టిపడనీ."

ఆ మాట ఆమెకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. తెలియడం లేదని చెప్పాలని ఎన్నిసార్లో అనుకుంది. చెబుదామనుకున్న ప్రతిసారీ అత్త పొయ్యి ముందు చెమట తుడుచుకుంటూ కనబడేది, లేదా ఏటవాలు పీట కనబడేది. తల మళ్లీ పుస్తకంలోకి దించేసేది.

పరీక్ష దగ్గరపడింది. ఒక సాయంత్రం మిల్లునుంచి వచ్చి ఆమె చేతులు కడుక్కోలేదు. బల్లముందు కూర్చుని, పుస్తకం మూసి, నీలం బొటనవేలిని మూడో అధ్యాయం నుంచి చివరిదాకా అంచుమీద మెల్లగా లాగింది. ఒకచోట మందం, ఒకచోట పలచన, రోజుకింత చదివినట్టుగా. తీరా చూస్తే తను వేసిన రంగుల్లో ఇంత బాగా కుదిరింది మరొకటి లేదు.

మంచినీళ్లు తెచ్చిన అత్త ఆ వేలినీ, ఆ అంచునూ చూసింది. గ్లాసు పెట్టి, లోపలికి పోయింది. ఆ పూట పొయ్యి దగ్గరనుంచి జోకులు రాలేదు.

మొగుడు వచ్చి తడిమాడు. చివరిదాకా తడిమాడు. పుస్తకాన్ని ఏటవాలు పీటమీద చప్పుడు కాకుండా పెట్టాడు.

"నాకు తెలుసు," అన్నాడు చివరికి.

మర్నాడు ఆమె మిల్లునుంచి వచ్చేసరికి ఏటవాలు పీటమీద ఇంకొక ఇటుక ఉంది. తెల్లటి అంచు. రెండో భాగం.

"మరి మొదటిదో?"

"ఇచ్చేశా! నువ్వు చూడాల్సింది ఆ కొట్టాయన మొహం. కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ చూశాడు. ఆ రోజు ఉన్న అమ్మాయిల్లో ఒకతి అక్కడే ఉంది. చివరిదాకా చదివిన పుస్తకం కలిసొస్తుందని, ఉన్నపళంగా కొనుక్కుపోయింది. నీ చేతి చలవేనే!"

ఆమె స్టూలు మీద కూలబడింది. "ఆ కొట్లో... పిల్లల పుస్తకం ఒకటి ఉండేది. గులాబి నీళ్లది."

"అదెందుకు నీకు? ఇంత చదివినదానివి!" పకపకా నవ్వాడు. "అమ్మా, విన్నావా నీ కోడలి మాట?"

లోపలినుంచి గరిటె గిన్నె అడుగున గీరుతున్న చప్పుడు మాత్రం వచ్చింది.

"తెరువు, తెరువు. మొదలుపెట్టు."

తెరిచింది. 'మొదటి భాగంలో మనం నిరూపించినట్టు' అని మొదలయింది మొదటి వాక్యం. దాని కింద పాములు తోకలమీద నిలబడి ఉన్నాయి. మొగుడు వెనకే నిలబడ్డాడు, ఊపిరి మెడకు తగులుతోంది. పేజీ తిప్పేదాకా కదలడని ఆమెకు తెలుసు.

కాసేపు ఆగి, చదివినవాళ్లు ఎంతసేపు ఆగుతారో అంతసేపు ఆగి, తిప్పింది.