ఇద్దరికి ఒక్క జాకెట్

నేను ఒక బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌ని. ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు. నా గురించి అంత ధీమాగా నేనెప్పుడూ మాట్లాడలేదు. కాన్పూరులో ఒక రేకుల షెడ్డులో నన్ను కుట్టారు. నీలం గుడ్డ, లోపల మందపాటి పొరలు, ఛాతీ మీద ఒక జేబు, వీపు మీద ఒక జేబు. ఆ రెండు జేబుల్లో రెండు బరువైన పింగాణీ పలకలు. తూటాని ఆపేది ఆ పలకలే, మిగతా నేనంతా వాటిని మోసే సంచిని. అయినా జనం దండం పెట్టేది సంచికే.

హైదరాబాదులో ఒక తెలుగు వార్తా ఛానల్ నన్ను కొన్నది. ఎడిటర్ కోటిరత్నం గారు నన్ను టేబుల్ మీద పెట్టించి అటూ ఇటూ తిప్పి చూశారు. ఛాతీ మీద తెల్లటి అక్షరాలతో ‘ప్రెస్’ అని పెద్దగా అతికించమన్నారు. తెర మీద బాగా కనపడాలట. యుద్ధానికి వెళ్ళేది ఇద్దరు, జాకెట్ ఒక్కటే కదా అని ఎవరో నసిగారు. రిపోర్టర్ కనపడుతుంది, కెమెరామన్ ఎవరికి కనపడతాడయ్యా అన్నారాయన. అక్కడున్నవాళ్ళు నవ్వేశారు. నాకు మాత్రం ఆ నవ్వు విని ఒళ్ళు జలదరించింది.

రిపోర్టర్ పేరు కందగట్ల శశిరేఖ, వరంగల్ అమ్మాయి. వరదలూ, కర్ఫ్యూలూ, బోరుబావులూ రాసి రాసి ఈ ఛానల్‌కి వచ్చింది. కెమెరామన్ షేక్ మస్తాన్‌వలీది గుంటూరు. ఆమెకన్నా పదేళ్ళు పెద్ద. ఆమె ఆయన్ని మస్తానన్నా అంటుంది, ఆయన ఆమెని అమ్మాయ్ అంటాడు. ఈ ఇద్దరితో నేను చూసిన దేశాల పేర్లు చెప్పను. చెప్పినా, ఈపాటికి వాటిలో కొన్నిటి పేర్లు మారిపోయి ఉంటాయి.

మొదటి యుద్ధంలో మొదటి రోజు శశిరేఖ కెమెరా ముందు నిలబడి నోరు తెరవలేకపోయింది. ఆమె గుండె నా పలకని రైసుమిల్లులా దడదడలాడించింది. నేనయితే ఈ పిల్ల ఇంటికి వెళ్ళిపోవడం ఖాయం అనుకున్నాను. మస్తాన్‌వలీ కెమెరా కిందికి దించాడు.

"నాకు భయమైతాంది అన్నా."

"బయం ఏస్తే ఏసిద్దమ్మాయ్, దాన్ని పక్కన నిలబెట్టు. ముందు నీ కళ్ళకి అవపడే మూడు చెప్పు. చూడంది ఒక్క ముక్క చెప్పమాక."

ఆమె చూసింది. రొట్టెల కోసం నిలబడ్డ వరస, చంకలో కుక్కర్ పెట్టుకున్న ముసలామె, పైకప్పు లేని బడి. ఆ మూడే చెప్పింది. ఆ రాత్రి ఇళ్ళల్లో అన్నం తింటూ చూసినవాళ్ళు కంచంలో చేయి ఆపేశారని తర్వాత అన్నారు. తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆమె పద్ధతి అదే. ప్రతి లైవ్‌కి ముందు ఏదో ఒక గోడ చాటుకి వెళ్ళి వాంతి చేసుకునేది, నోరు పుక్కిలించుకుని వచ్చి నిలబడేది. పేపర్లు ఆమెని భయమెరుగని వనిత అని రాశాయి. రాసినవాడు ఒక్కసారి నన్ను అడిగి ఉంటే ఆ గోడలన్నీ చూపించేదాన్ని.

ఇద్దరికి ఒక్క జాకెట్ అన్న ముచ్చట ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు. వాళ్ళ పనిలో ఒక తిరకాసు ఉంది. యుద్ధం ఎప్పుడూ రిపోర్టర్ వెనక కనపడాలి. అంటే ఆమె వీపు తూటాల వైపు. ఆమెకి ఎదురుగా, కెమెరాతో వెనక్కి వెనక్కి నడిచే మస్తాన్‌వలీ ఛాతీ తూటాల వైపు. ఒకరోజు ఆమె నా ముందు జేబులోని పలక తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వద్దంటే వినలేదు. తన చున్నీతో దాన్ని ఆయన ఛాతీకి, చొక్కా లోపల, గట్టిగా కట్టింది. తెర మీద నేను నిండుగానే కనపడ్డాను. నా ఛాతీలో ఖాళీ ఉన్న సంగతి కోటిరత్నం గారికి ఎలా తెలుస్తుంది?

అబ్బో, ఎంత మురిసిపోయారో ఇద్దరూ! నాకు మాత్రం ఆ ఖాళీ జేబు పీకుతూనే ఉండేది. ఆ లెక్క ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డంతసేపే పనికొస్తుంది. పరుగెత్తాల్సి వస్తే ఆయన వీపు మీద ఏముంది? చొక్కా గుడ్డ. అది ఆయనకీ తెలుసు. అందుకే ఒక నియమం పెట్టుకున్నాడు, ఏం జరిగినా తూటాలకి వీపు తిప్పకుండా వెనక్కి వెనక్కే నడవాలని. చాలా యుద్ధాలు అలాగే గడిచాయి. గడిచిన కొద్దీ నాకు భయం పెరిగింది.

ఆఖరి ఊళ్ళో సైన్యం కొండ మీద ఉంది, జనం కింద ఉన్నారు. వీధులకి అడ్డంగా తాళ్ళు కట్టి దుప్పట్లు ఆరేశారు. కొండ మీది తుపాకీవాడికి ఎవరు దాటుతున్నారో కనపడకుండా ఆ ఏర్పాటు. దుప్పటి ఉన్న వీధిలో పిల్లలు కూడా నడిచేవాళ్ళు. ఆ రోజు వీళ్ళు ఒక వీధిలో నిలబడి వార్త పంపారు. చెప్పాల్సింది చెప్పేసింది, ఇక చోటు మారాలి. నిలబడ్డ చోట రెండోసారి నిలబడకూడదన్నది ఆమె ఎప్పుడూ తప్పని కట్టుబాటు. అంతలో స్టూడియో నుంచి కబురు. వెనకాల పొగ సరిగ్గా రాలేదట, ఇంకొక్కసారి చేయమన్నారు.

మస్తాన్‌వలీ వీధి చివరికి చూశాడు. పొద్దున ఉన్న దుప్పటి అక్కడ లేదు.

"వద్దమ్మాయ్. దుప్పటి ఎవురో తీశారు. ఊరికే తియ్యరు."

ఆమె చెవిలో స్టూడియో తొందరపెడుతోంది. ఒక్క నిమిషం అన్నా, గంతే, అంది. ఆయన కెమెరా భుజానికెత్తాడు. ఎప్పుడూ ఆమె మాట కాదనలేదు, పాపిష్టి అలవాటు.

ఆమె మూడో వాక్యంలో ఉండగా వెనక, కొండ మీంచి వచ్చిన ఫిరంగి షెల్ పడింది. ఇనప ముక్క ఒకటి వచ్చి నా వీపు పలక మీద కొట్టింది. పలక ఆగింది, లోపల చిట్లింది, ఆమె బోర్లా పడింది. అలాంటి పలక పైకి నిక్షేపంలా కనపడుతుంది గానీ రెండో దెబ్బకి అట్టముక్కతో సమానం. ఆయన అప్పుడు వెనక్కి నడిచి వెళ్ళిపోవచ్చు. ఛాతీ మీద పలక ఉంది, నియమం ఉంది. ఆయన కెమెరా పడేసి ముందుకి వచ్చాడు. ఆమెని లేపి, గోడ వైపుకి తిప్పి, తన ముందు నడిపించాడు. అలా చేయాలంటే కొండకి వీపు పెట్టక తప్పదు. పలక ఉన్న వీపుకి, పలక లేని వీపు అడ్డం వచ్చింది. రెండో షెల్ కోసం ఎక్కువసేపు ఆగక్కర్లేకపోయింది.

ఆయన శవం వెంట ఆమె నన్ను వేసుకునే గుంటూరు వెళ్ళింది. ఎందుకు వేసుకుందో ఆమెకే తెలియదు. మస్తాన్‌వలీ భార్య ఖాజాబీ ఏడవలేదు, తిట్టలేదు. నన్ను వేలితో తాకి చూసింది.

"టీవీలో నీ ఒంటి మీన ఎప్పుడూ చూస్తానే ఉండామ్మా ఇది. ఆయన ఒంటి మీదదేది?"

శశిరేఖ చున్నీ సంగతి చెప్పబోయి ఆగిపోయింది. నాకూ సిగ్గేసింది.

ఆ తర్వాత ఆమె చాలాకాలం తలుపు చప్పుడుకి కూడా ఉలిక్కిపడేది. అయినా మళ్ళీ వెళ్ళింది. వేరే దేశాల విలేకరుల దగ్గర జాకెట్లు అడిగి తెచ్చుకునేది, అదీ రెండు దొరికితేనే కదిలేది. ఒకటే దొరికితే వార్త పోయినా సరే, కూర్చునేది. ధైర్యం సన్నగిల్లిందని ఆఫీసులో గుసగుసలాడారు. నాకు తెలిసినంతలో ఆమె చేసిన అతి ధైర్యమైన పని, ఆ కూర్చోవడమే.

నన్నేమో ఆఫీసు హాల్లో అద్దాల పెట్టెలో పెట్టారు. కింద ‘సాహసానికి కవచం’ అని బోర్డు. వచ్చినవాళ్ళందరూ నా పక్కన నిలబడి ఫొటోలు దిగారు. నేను మ్యూజియం సరుకునయ్యానని కాస్త స్థిమితపడ్డాను. అదే నా తెలివితక్కువతనం.

మళ్ళీ ఎక్కడో యుద్ధం మొదలైంది. ఈసారి పంపేది ఇద్దరు కొత్తవాళ్ళని, అందులో రిపోర్టర్ ఒక అమ్మాయి. కొత్త జాకెట్ ఒకటే కొన్నారు. కోటిరత్నం గారు అద్దాల పెట్టె తెరిపించారు.

"ఇంకొకటి మన దగ్గరే ఉంది కదయ్యా. చూడు, ఎంత బాగుందో."

చేతన్ అనే కుర్ర కెమెరామన్ నన్ను తొడుక్కున్నాడు. వాళ్ళమ్మకి పంపాలని ఫొటో తీసుకున్నాడు. వాడి ఛాతీ మీద నా జేబు ఇంకా ఖాళీగానే ఉంది, వాడి వీపు వెచ్చగా నా చిట్లిన పలకకి ఆనింది. ఒరే నాయనా, విప్పరా అని నేను అరిచిన అరుపు ఎవరికి వినపడుతుంది! కోటిరత్నం గారు వాడి భుజం తట్టారు.

శశిరేఖ మేకప్ గదిలోంచి కత్తెర పట్టుకుని వచ్చింది. వాణ్ణి కదలొద్దంది. నా ఒంటి పొరలు కత్తెరకి తెగవు, ఆ సంగతి ఆమెకి తెలుసు. భుజాల పట్టీలు తెగుతాయి. ఒకటి కోసింది, రెండోది కోసింది. నేను దబ్బున గచ్చు మీద పడ్డాను. లోపల పలక గలగలమంది, పగిలిన పెంకుల సంచిలా. హాలంతా ఆ చప్పుడు విన్నది.

కోటిరత్నం గారి మొహం పాలిపోయింది. అదేంటమ్మా, అది మన ఛానల్ చరిత్ర కదా అన్నారు.

"చరిత్రనే సార్. గందుకే ఇంకో పిల్లగాని ఒంటి మీదికి పోనియ్య."

చేతన్ నన్ను చూస్తూ, మరి నాకు అన్నాడు మెల్లగా.

"నీది వచ్చేదాంక నీతోటి పాటు ఆ పిల్ల గూడ ఇక్కడ్నే ఉంటది," అంది. కత్తెర జేబులో పెట్టుకుని తన కుర్చీలో కూర్చుంది.

వారం తిరిగాక ఆ ఇద్దరూ రెండు జాకెట్లతో వెళ్ళారు. ఆ రోజు నేను ఆఫీసు వెనక చెత్తకుప్పలో, పాత కేబుళ్ళ కింద ఉన్నాను. ఎండకి నా నీలం వెలిసిపోతోంది. నన్నిక ఎవరూ తొడుక్కోలేరు. అది తలుచుకున్నప్పుడల్లా ప్రాణం కుదుటపడుతుంది.