నీలం టేపు

లాకర్ గదిలో బెంచీ మీద కూర్చుని సుధామయి ఎడమ మణికట్టు చుట్టూ నీలం టేపు తిప్పి పళ్లతో కొరికి తెంపింది. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. కెనడాలోని విండ్సర్‌లో కార్ల డాష్‌బోర్డులు చేసే ఆ ప్లాంటులో ఒంటి మీది లోహమేదీ పైకి కనబడకూడదు. ప్లాస్టిక్ మీద గీత పడితే ఆ ముక్క ఇక పనికిరాదు. ఒకప్పుడు గాజులకు టేపు వేసేది, ఉంగరానికి వేసేది, మంగళసూత్రాలను లోపలికి తోసి పిన్నీసు పెట్టుకునేది. అవన్నీ రెండేళ్ల కిందట పోయాయి. ఇప్పుడున్నది మణికట్టుకు స్టీలు గొలుసు ఒక్కటే. గొలుసు వరకే టేపు చుట్టి, దాని మధ్యనున్న బిళ్లను మాత్రం బయటికి వదిలింది.

బిళ్ల మీద ఆమె పేరు, కింద డి.ఎన్.ఆర్. అన్న మూడక్షరాలు, ఆ కింద 'కాగితం లంచ్ బ్యాగులో' అని ఇంగ్లిషులో చెక్కి ఉన్నాయి. గుండె ఆగిపోతే ఆగిపోనివ్వండి, మళ్లీ ఆడించకండి అని దాని అర్థం. ఆమె గుండె పావువంతే పనిచేస్తోందని డాక్టరు చెప్పి ఏడాదయింది. ఆపరేషన్ వద్దంది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడమూ వద్దంది. వారానికి మూడు రోజులు, స్టూలు మీద కూర్చుని చేసే పని.

గొలుసు ఎంచుకున్న రోజు కూతురు ప్రియతో పెద్ద గొడవే అయింది. ప్రియ ఫోనులో బొమ్మలు చూపించింది. బంగారు పూతవి, రాళ్లు పొదిగినవి, పువ్వు విప్పితేగాని అక్షరాలు కనిపించనివి.

"దిస్ వన్ ఈజ్ సో ప్రెటీ, అమ్మా. నోబడీ విల్ నో."

"ఎవరికీ తెలియకుండా ఉండటానికా నేను కొనుక్కునేది?" సుధామయి అరిచింది. "ఇదేమైనా పేరంటానికి పెట్టుకెళ్లే నగా? అన్నిట్లోకీ వికారంగా ఉన్నదేదో అది ఆర్డర్ చెయ్యి!"

ప్రియ కళ్లనీళ్లు పెట్టుకుంది. సుధామయికి జాలి కలగలేదు. ఆ కోపం ప్రియ మీద కాదు, తన మీద తనకే.

భర్త విశ్వనాథానికి కాన్సరు ముదిరినప్పుడు ఆయనకూ ఇలాంటి కాగితమే రాసిచ్చారు. ఫ్రిజ్ తలుపు మీద అంటించండి, అంబులెన్సు వాళ్లు ముందు అక్కడే చూస్తారు అని నర్సు చెప్పింది. పాలు తీసుకున్నప్పుడల్లా మొగుడి చావు కాగితం మొహాన కనబడితే ఎలా బతకడం? సుధామయి దానికి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి అల్మరాలో పెట్టింది. కొత్త కారు కాగితాలూ, ప్రియ డిగ్రీ సర్టిఫికెట్టూ అక్కడే ఉండేవి. నెల తిరక్కుండా తణుకులో ఆయన దాయాది పోయాడు. పది రోజుల మైల. అల్మరా తలుపు మూసేసింది.

ఏడో రోజు పొద్దున ఆయన ఊపిరి ఆగింది. ప్రియ కంగారులో ఫోన్ చేసింది. అంబులెన్సు వాళ్లు వస్తూనే కాగితముందా అని అడిగారు. సుధామయి అల్మరా దాకా పరుగెత్తి, తలుపు మీద చెయ్యి వేయబోయి ఆగింది. మైల. స్నానం కూడా కాలేదు. అర నిమిషం ఆగిందేమో! ఆ అర నిమిషంలో వెనక గదిలో వాళ్లు ఛాతీ నొక్కుతుంటే ఆయన పక్కటెముక విరిగిన చప్పుడు వినిపించింది. కాగితం తెచ్చేసరికి గుండె మళ్లీ కొట్టుకుంటోంది. పంతొమ్మిది రోజులు గొంతులో గొట్టంతో, మంచానికి కట్టేసిన చేతులతో ఆమెను చూస్తూ ఉండి, చనిపోయాడు. ఇంకొక్క రోజు చూద్దామని ప్రియ, ఇంకొక్క రోజని డాక్టర్లు. ఆ దేవుడికి ఆమె మళ్లీ దీపం పెట్టలేదు.

లాకర్ గదిలోంచి వచ్చి తనిఖీ బల్ల దగ్గర సుధామయి నూలు తొడుగుల చేతులతో ప్లాస్టిక్ తడుముతుండగా కొత్త సూపర్‌వైజర్ రేవంత్ వచ్చాడు. వరంగల్ కుర్రాడు, ఇక్కడే యూనివర్సిటీలో చదివాడు.

"ఆంటీ, ఆ బిళ్ల కూడా కవర్ చేయాలె. ఆడిట్ ఉంది ఇయ్యాల."

"ఇది నగ కాదు బాబూ. మెడికల్."

"తెలుసు ఆంటీ. మెడికలైనా టేప్ వేయాలని రూల్ ఉంది. నేనేం చేయను?"

"కప్పేస్తే ఎవడికి కనబడుతుంది? పడిపోయాక నేను లేచి చూపించాలా?"

పక్క బల్లలవాళ్లు తలలు తిప్పారు. రేవంత్ మొహం ఎర్రబడింది. తన జేబులోని టేపు చుట్ట తీసి నిలబడ్డాడు. సుధామయి అతని వైపు చూసి చెయ్యి బల్ల మీద చాచింది.

"వెయ్యి. నీ చేత్తోనే వెయ్యి. కానీ నే పడిపోతే ముందు ఇది పీకాలి. నా గుండె మీద చెయ్యి వేశావో, ఊరుకోను."

"పొద్దుపొద్దున అట్ల మాట్లాడకండి ఆంటీ, ప్లీజ్."

"పీకుతావా లేదా?"

"పీకుతా," అన్నాడు, ఆమె కళ్లలోకి చూడలేక.

మధ్యాహ్నం ఆవకాయన్నం సగం తిని డబ్బా మూసేసింది. బల్ల దగ్గరికొచ్చి మూడు ముక్కలు చూసింది. నాలుగోదాని మీద సన్నటి గీత వేలికి తగిలింది. గుర్తు పెట్టబోయి, స్టూలు మీంచి పక్కకు ఒరిగిపోయింది. పైన ట్యూబులైట్లు కనబడ్డాయి, వాటి కింద రేవంత్ మొహం. ఆ మొహంలో అర నిమిషపు భయం ఆమెకు బాగా తెలిసిన భయమే. చెయ్యి ఎత్తి చూపించాలనుకుంది. చెయ్యి లేవలేదు. కళ్లు మూతపడ్డాయి, ఊపిరి ఆగింది.

ఫస్ట్ ఎయిడ్ క్లాసులో నేర్పినట్టే రేవంత్ ఆమె రొమ్ము మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. పైకే లెక్కపెడుతూ ఏడుసార్లు నొక్కి, ఆగిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆపొద్దని కేకలేస్తున్నారు. అతను ఆమె ఎడమ చెయ్యి ఒళ్లోకి తీసుకుని గోళ్లతో టేపు పీకి బల్ల మీదికి విసిరాడు.

"డోంట్ టచ్ హర్!" అని అరిచాడు. ఆ తర్వాత ఏడుపు ఆపుకోలేకపోయాడు.

అంబులెన్సు వాళ్లు బిళ్ల చదివారు. లంచ్ బ్యాగు పై అరలో ప్లాస్టిక్ కవరులో కాగితం దొరికింది. ఈసారి దానికి పసుపు లేదు. చదివి, తెరిచిన పరికరాల పెట్టెలు మళ్లీ మూసేశారు.

ఆమెను తీసుకెళ్లాక, గీత పడిన నాలుగో ముక్క పక్కనే, మణికట్టంత గుండ్రంగా ముడుచుకుని, లోపల బిళ్ల అచ్చుతో నీలం టేపు బల్ల మీద ఉండిపోయింది.