అయిదో ఇన్నింగ్స్ వాన

పింగ్‌టుంగ్ బేస్‌బాల్ మైదానంలో ఆ సాయంత్రం, మూడో ఇన్నింగ్స్‌లో, మయావ్ కొట్టిన బంతి ఎడమవైపు గోడ దాటి పడింది. పదకొండేళ్ళుగా క్యాచర్‌గా, బ్యాటర్ నిలబడే ప్లేటు వెనక గొంతుక్కూర్చుంటున్నవాడికి అదే మొదటి హోమ్‌రన్. అతని పేరు పక్కన హోమ్‌రన్ల గడిలో ఏటా సున్నాయే. సొంత జట్టువాళ్ళూ ‘సున్నా’ అనే పిలిచేవారు.

నాలుగో ఇన్నింగ్స్‌లో వాన పట్టుకుంది.

అయిదో ఇన్నింగ్స్‌లో అవతలి జట్టు బ్యాటింగ్ ముగిస్తే చాలు, ఆపైన వాన ఆపేసినా ఆట చెల్లుతుంది. తమవి అయిదు పరుగులు, వాళ్ళవి నాలుగు; గెలుపు తమది, హోమ్‌రన్ లెక్కలో పడుతుంది. ఈలోగా అంపైర్ ఆపేస్తే ఆట ఆడనట్టే. కొట్టినవీ ఇచ్చినవీ అన్నీ నీళ్ళపాలు. ఇంకోరోజు మళ్ళీ మొదటినుంచి ఆడతారు. అప్పటికి మయావ్ జట్టులో ఉండడు. ఆ ముక్క మేనేజర్ మధ్యాహ్నం అన్నం డబ్బా తింటూనే చెప్పేశాడు.

అయిదో ఇన్నింగ్స్‌లో వాళ్ళవాళ్ళు ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కడు కావాలి. కో అనే వాళ్ళ రన్నర్ మొదటి బేస్ మీదున్నాడు.

తమ జట్టు పిచర్ హంగ్ బ్యాటర్‌కు బంతి వేయడం లేదు. చేతులు తుడుచుకున్నాడు. బూటు బురద గీక్కున్నాడు. బేస్ వదిలి నిలబడ్డ కోను అవుట్ చేస్తున్నట్టు మొదటి బేస్‌కు విసిరాడు. మళ్ళీ మళ్ళీ విసిరాడు, మెత్తగా. అంపైర్ ఆకాశం కేసి చూశాడు.

మయావ్ మాస్కు పైకెత్తి హంగ్ దగ్గరికి నడిచాడు.

"ఏంట్రా నాటకాలు? వెయ్యి."

"జారుతోందన్నా."

"నాకా చెప్తున్నావ్? వాళ్ళు సాగదీశారంటే అర్థముంది. గెలుస్తున్నది మనం."

హంగ్ గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "నాలుగు పరుగులిచ్చాను. ఇవి లెక్కలోకొస్తే నా సగటు గంగలో కలుస్తుంది. ఏడాదంతా లీగ్‌లో అందరికంటే తక్కువిచ్చింది నేను. బహుమతి నాది. ఈ వాన నాకోసమే వచ్చిందన్నా."

"మరి నా హోమ్‌రన్?"

"ఒక్కటే కదా."

"అవును. ఒక్కటే."

"మంచి విందిస్తాలే అన్నా."

"నువ్వే తిను," అని మయావ్ వెనక్కి తిరిగాడు.

ప్లేటు వెనక కూర్చుని కోను చూశాడు. మొదట్లో హంగ్ విసిరినప్పుడల్లా కో బేస్ మీదికి దూకేవాడు. చొక్కా నిండా బురదే. ఇప్పుడు దూకడం మానేశాడు, తీరిగ్గా నడిచొస్తున్నాడు. ప్రతిసారీ బేస్‌కు ఇంకాస్త దూరంగా నిలబడుతున్నాడు.

మొదటి బేస్ కాసే లెకల్ మయావ్ ఊరివాడు, సముద్రపొడ్డు వాడు. మయావ్ తమ అమిస్ భాషలో కేకేశాడు.

"లెకలూ, వల పట్టుకో. చేప నిద్రపోతోంది."

మైదానంలో ఇంకెవరికీ ఆ భాష తెలియదు. ప్లేటు దగ్గరి బ్యాటర్ నవ్వాడు.

"ఏం సున్నా, దేవుడికి మొక్కుతున్నావా?"

"అవును. నీకు బ్యాటెత్తే పని పెట్టొద్దని."

ఇక తప్పక హంగ్ వేశాడు. కావాలనే బ్యాటర్‌కు అందనంత దూరంగా వేశాడు. మయావ్ పక్కకు వాలి పట్టుకుని, మోకాళ్ళ మీంచే మొదటి బేస్‌కు విసిరాడు. లెకల్ గ్లవ్ అక్కడే ఉంది. కో గిరుక్కున తిరిగాడు. కాలు జారి బోర్లా పడ్డాడు. చెయ్యి బేస్‌కు జానెడు ఇవతల ఉండగానే లెకల్ బంతి తాకించాడు.

అంపైర్ పిడికిలి పైకి లేచింది.

ఆ తర్వాత వాన కుండపోతగా కురిసింది. టార్పాలిన్లు పరిచారు, మళ్ళీ తీయలేదు. అయిదు నాలుగు, ఆట ముగిసిందని మైకులో చెప్పారు.

జట్టు బెంచీ దగ్గర మయావ్ కాళ్ళ కవచాలు విప్పుతున్నాడు. లెకల్ సున్నం పూసిన వక్క ఒకటి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. హంగ్ తలమీద తువ్వాలుతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఒక్క దెబ్బ కోసం నా ఏడాది తగలబెట్టావ్."

"ఆ నాలుగూ నేనిచ్చానా?"

"రేపట్నించి నీ మొహం ఎవడూ చూడడు."

"రేపట్నించి నేనుంటే కదా."

మయావ్ వక్క నమిలి, ఎర్రగా వానలోకి ఉమ్మాడు.

"ఏదీ, ఇప్పుడు పిలువు సున్నా అని."