పడవకు జేబు

కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో ఆమె ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. వీధిలో అందరూ కాళ్ళ డాక్టరమ్మ అని పిలుస్తారు. డాక్టర్ని కాదని మొదట్లో చెప్పి చూసింది, తర్వాత ఊరుకుంది. ఒక ఆదివారం పొద్దున వాళ్ళ బావగారు పగిలిన పడవ ఒకదాన్ని తోపుడుబండి మీద వేసుకుని, అక్కను వెంటబెట్టుకుని, ఆమె గేటు ముందు ఆగారు.

బావగారు బస్సు డ్రైవరుగా రిటైరై మూడు నెలలైంది. ఇంట్లో కాలు నిలవక, పాత సామాన్ల కొట్లో ఈ ఫైబర్ పడవ కొన్నారు. ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి పడవ. మొదటి రోజే చెరువులో బండరాయికి గుద్దారు.

"ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను, ఒక్క గీత పడనివ్వలేదు. నీళ్ళలో బ్రేకు ఉండదని ఎవడూ చెప్పలేదమ్మా" అన్నారాయన.

"ఈయనకి ఈత కూడా రాదే" అంది అక్క.

"అదలా ఉంచు. మనుషులకి కాళ్ళు చేస్తావు కదా మరదలా, దీనికి పొట్ట అతికించలేవా?"

ఆమె వంగి పగులు మీద వేలితో రాసి చూసింది. మూరెడు పొడవుంది. గాజుపోగులతో నేసిన గాజుగుడ్డ, దాన్ని తడిపి అతికించే రెసిన్ జిగురు, రోజూ ఆమె చేతుల్లో నలిగే సరుకే. "చూద్దాం" అంది. ఆమె చూద్దాం అంటే ఒప్పుకున్నట్టే.

పెరట్లో రేకుల షెడ్డులో రెండు బల్లల మీద పడవను బోర్లించారు. ఆమె మూతికి మాస్కు, మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కుంది. గాజు పొడి ఒంటికి తగిలిందంటే రెండు రోజులు గోక్కుంటూ కూర్చోవాలి. పగులు ఇంకా పాకకుండా రెండు కొసల్లోనూ సన్నటి చిల్లులు వేసి, చుట్టూ రంగు గీకడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ కింద నీలం వచ్చింది. నీలం కింద తేనెరంగు ఫైబరు. అప్పుడు గమనించింది: తిన్నగా వచ్చిన పగులు ఒకచోట ఠక్కున పక్కకు తిరిగిపోయింది, ఏదో అడ్డం పడ్డట్టు.

పడవను వెల్లకిలా తిప్పించి, లోపలివైపు అదే చోట గీకింది. అక్కడొక పాత అతుకు ఉంది, రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత. గాజుగుడ్డ మాత్రం కాదు. మామూలు నూలుగుడ్డ, ఖాకీది. ఇంకాస్త గీకేసరికి కుట్టు బయటపడింది. ఆ తర్వాత ఒక గుండీ.

"అక్కా, ఇలా రా! ఈ పడవకి జేబుంది!"

ముగ్గురూ తలకాయలు దగ్గరపెట్టి చూశారు. మూతతో సహా చొక్కా జేబే. గుండీ పెట్టి ఉంది. రెసిన్ కింద అద్దం వెనకున్నట్టు మెరుస్తోంది. మధ్యలో చిన్న బొడిపె.

"లోపల ఏదో ఉందే" అంది అక్క.

"పగలగొట్టు" అన్నారు బావగారు.

"పగలగొట్టను. మీ బండ దెబ్బకి ఇంత పగులు విచ్చుకున్నా ఇది చెక్కుచెదరలేదు. గట్టిగా ఉన్న అతుకుని నేను చేజేతులా విప్పను."

"మరి నాకు నిద్రెలా పడుతుంది?"

ఆమెకు ఒక ఉపాయం తట్టింది. షెడ్డు తలుపు మూసి, కిటికీకి గోనెసంచి వేలాడదీసి, పడవ కింద దూరి, బయటివైపు నుంచి టార్చి వెలిగించింది. రంగు పోయిన చోటంతా దీపంలా వెలిగింది. జేబులో నల్లటి నీడ కనబడింది. గుండ్రటి పొట్ట, దానికి పొట్టి ముక్కు.

"నత్త" అంది అక్క.

"జేబులో నత్తని ఎవడు పెట్టుకుంటాడే? అది గోళ్ళ కత్తెర" అన్నారు బావగారు.

టార్చి అక్క చేతికిచ్చి ఆమె కూడా పడవ కిందినుంచి బయటికి వచ్చి చూసింది. ఆమె చూపు వస్తువు మీద నిలవలేదు. గుడ్డ కింద ఎక్కడా ఒక్క గాలిబుడగ లేదు. అతికినవాడు చొక్కా వాడాడంటే ఎంతో తొందరలో ఉండాలి. తొందరలో ఇంత పొందికగా ఎవరు చేశారు? చొక్కా ఎందుకు విప్పాల్సి వచ్చింది? ఆ రోజు ఇక పని ముందుకు సాగలేదు.

మర్నాడు పని దిగాక బావగారితో కలిసి పాత సామాన్ల కొట్టుకు వెళ్ళింది. పడవల క్లబ్బు మూసేసినప్పుడు కొన్నానని కొట్టువాడు చెప్పాడు. "అక్కడ పడవలు చూసుకునే పెద్దాయన ఇప్పుడు స్టేషన్ పక్కన సైకిల్ స్టాండులో ఉన్నాడు. ఆయన్నే అడగండి."

స్టాండులో ఒక అరవయ్యేళ్ళ మనిషి కళ్ళజోడు నుదుటి మీదకి ఎక్కించుకుని సైకిళ్ళను వరసగా సర్దుతున్నాడు. ఖాకీ జేబు సంగతి వినగానే ఆయన చేయి తనకు తెలియకుండానే గుండె మీదికి పోయింది.

"అది నా చొక్కానేనమ్మా" అన్నాడు. "పదకొండేళ్ళ కిందటి మాట. బండి మీంచి ఆ పడవని నేనే జారవిడిచాను. మధ్యాహ్నానికి పైఆఫీసరు వస్తున్నాడు. ఆదరాబాదరాగా రెసిన్లో అది గట్టిపడే హార్డెనర్ మందు కలిపేశాను. తీరా చూస్తే గాజుగుడ్డ అయిపోయింది. డబ్బా చెయ్యి కాలేంత వేడెక్కుతోంది. ఇంకో అయిదు నిమిషాలాగితే రాయే. ఒంటి మీదది విప్పి, ముందుభాగం కత్తిరించి పరిచేశాను. ఇంటికి బనీనుతో పోయాను."

"జేబులో ఏముందో గుర్తుందా?"

"ఏమీ లేదే. ఉంటే తీసేవాణ్ణి కదా?"

ఆమె స్టాండు చీటీ వెనక్కి తిప్పి, గుండ్రటి పొట్ట, పొట్టి ముక్కు గీసి చూపించింది. ఆయన కళ్ళజోడు దించి చూశాడు. చీటీ తీసుకుని వెలుతురుకి పట్టాడు.

"ఈల" అన్నాడు. "పడవల్ని ఒడ్డుకి పిలిచే ఈల. పోయిందని ఊరంతా వెతికాను. మా బావమరిదే దాచాడనుకున్నాను. వాడూ అక్కడే పనిచేసేవాడు. నాకు మాట తెప్పించి నా చోటుకి రావాలని చూస్తున్నాడని నలుగురిలో అనేశాను. దొంగ అన్నాను. అప్పట్నించీ వాడి గడప తొక్కలేదు. మా ఆవిడ ఒక్కతే పుట్టింటికి పోయి వస్తుంది."



ఆదివారం స్టాండు పెద్దాయన భార్యతో షెడ్డుకి వచ్చాడు. కాళ్ళ డాక్టరమ్మ మళ్ళీ తలుపు మూసి టార్చి పట్టుకుంది. ఆ ఇల్లాలు పడవలోకి వంగి నీడను చూసింది, మొగుడి వైపు చూసింది. "మా అమ్మ ప్రతిసారీ అడిగేది, అల్లుడేడీ అని. పనుందని చెప్పేదాన్ని" అంది. ఆయన తల దించుకున్నాడు.

"కావాలంటే కోసి తీసిస్తాను. అతుకు మళ్ళీ నేను వేస్తాను" అంది కాళ్ళ డాక్టరమ్మ. ఆ మాట అనడానికి ఆమెకు కొంచెం కష్టమైంది.

ఆయన ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. "వద్దమ్మా. వాడి దగ్గరికి ఈల పట్టుకుపోతే మళ్ళీ సాక్ష్యం చూపించి వాదించడానికి వచ్చానంటాడు. ఉత్త చేతుల్తో పోతాను."

ఆ వారం ఆమె పగులు పని ముగించింది. అంచులు పలచగా ఏటవాలుగా అరగదీసి, గాజుగుడ్డను చిన్నదాని మీద పెద్దది వచ్చేలా నాలుగు ముక్కలు కత్తిరించి, రెసిన్ పట్టించి, బ్రష్షుతో పొడిచి పొడిచి గాలిబుడగలన్నీ వెళ్ళగొట్టింది. ఖాకీ అతుకు మీద రంగు వేయలేదు, పారదర్శకమైన వార్నీషు మాత్రం పూసింది.

పడవను నీళ్ళలోకి దించే రోజు చెరువు దగ్గరికి స్టాండు పెద్దాయన భార్యతో, ఇంకో పొట్టి లావుపాటి మనిషితో వచ్చాడు. ఆ మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా వచ్చి పడవలోకి వంగి, జేబును గోటితో తట్టాడు.

"ఇందులోనా?"

"అందులోనే బామ్మర్దీ. తప్పు నాది."

"ఇంటికొచ్చి చెప్పావుగా. ఎన్నిసార్లు చెప్తావు?" అన్నాడు పొట్టాయన విసుగ్గా. "అయినా చొక్కా విప్పేటప్పుడు జేబు చూసుకోవా? నువ్వు చిన్నప్పట్నించీ ఇంతే." అంటూనే ఆయన చెయ్యి పక్కనున్న కొత్త అతుకు మీద ఆగింది. అటూ ఇటూ నిమిరాడు. "ఇదెవరు చేశారు? అంచెక్కడుందో దొరకట్లేదే!"

అందరూ కాళ్ళ డాక్టరమ్మ వైపు చూశారు.

ఇంతలో బావగారు తెడ్డు పట్టుకుని వెనక సీట్లో సర్దుకున్నారు. అక్క మాత్రం ఒడ్డు వదలనని ఖరాఖండిగా చెప్పేసింది. కాళ్ళ డాక్టరమ్మే చెప్పులు విడిచి ముందు సీట్లో కూర్చుంది. పొట్టాయన, పెద్దాయన చెరో పక్కా పట్టి నీళ్ళలోకి తోశారు. పడవ ఒకసారి ఊగి కుదురుకుంది.

కొత్త అతుకు మీద అరచెయ్యి ఆనించి చూసింది. పొడిగా ఉంది. పలచటి గాజు కింద నుంచి నీళ్ళ చల్లదనం మాత్రం చేతికి తెలుస్తోంది.

"బావగారూ, అవతలి ఒడ్డున ఏముంది?"

"నాకేం తెలుసు? మొన్న బండదాకానే కదా పోయాను."

"అయితే బండకి ఎడంగా తిప్పండి" అని ఆమె తెడ్డు వేసింది.