అరిగిన వేలు

తడి నాపరాయిని వరసలో నిలబెడుతుండగా రోశమ్మ రొంటిన ఉన్న ఫోను కుయ్యిమంది. పొద్దున డబ్బు తీద్దామని మాచర్లలో బ్యాంకుకు వెళితే ఆమె వేలిముద్ర పడలేదు. ఏళ్ల తరబడి పాలిష్ రాళ్లు మోసిన వేళ్ల మీద గీతలేం మిగులుతాయి? రేపు రమ్మన్నారు. ఎల్లుండి మొగుడు చిన్నకోటయ్యను నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అతని ఊపిరితిత్తుల నిండా ఈ రాతిదుమ్మే. కూడబెట్టిందంతా ఆ ఖాతాలోనే ఉంది.

"దుర్గా, ఇదేందో చూడవే," అంది పక్కన రాళ్లు కడుగుతున్న పిల్లతో.

దుర్గ చేతులు తుడుచుకుని చదివింది. వేలిముద్ర సరిపోలేదట. సాయంత్రంలోగా కింది లింకు నొక్కి వివరాలు నింపకపోతే ఖాతా మూసేస్తారట. పైన బ్యాంకు బొమ్మ కూడా ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు.

"నొక్కవే తల్లీ! పొద్దున నిజంగానే వేలు పళ్లేదుగా."

"నొక్కి పని చూడండే! అవతల లారీ నిలబడింది," అరిచాడు మేస్త్రీ తిరుపతిరావు.

దుర్గ నొక్కలేదు. ఈ రాళ్ల పనిలో వేలిముద్ర పడే ఆడమనిషి ఎవరు గనక? ఎవరికి పంపినా నిజమే అనిపిస్తుంది.

"పిన్నీ, బ్యాంకులో ఎవరి నంబరు రాయించావ్?"

"మేస్త్రీది. మనందరిదీ ఆయన నంబరేగా."

ఖాతాలు తెరిచిన రోజుల్లో ఆడవాళ్లకు ఫోన్లెక్కడివి? అందరికీ మేస్త్రీ తన నంబరే రాయించాడు. ఎవరి డబ్బు పడినా, తీసినా ముందు ఆయనకే తెలుస్తుంది. అదే ఆనవాయితీ అయిపోయింది.

"మరి బ్యాంకోళ్లకి నీ ఫోను నంబరు ఎట్టా తెలుసుద్ది? వస్తే ఆయనకి రావాల. ఇది దొంగది పిన్నీ!"

అంతలో ఫోను మోగింది. రోశమ్మే తీసుకుని ఎత్తింది.

"అమ్మా, బ్యాంకు నుంచి. ఇంకా లింకు నొక్కలేదేంటమ్మా?" ఎంత మెత్తటి గొంతు! పొద్దున బ్యాంకులో ఎవరూ ఆమెను అమ్మా అనలేదు. ఒకవేళ నిజమైతేనో? రోశమ్మకు ఏడుపొచ్చింది.

"నొక్కను. రేపు నేనే బ్యాంకుకొస్తా, ఆడ చెప్పు," అని పెట్టేసింది.

"రేపూ నాగా అంటే ఇంక పనిలోకే రామాక," అన్నాడు మేస్త్రీ.

"పోవాల, అన్నా. నా నంబరు గూడా రాయించుకొస్తా."

మేస్త్రీ ఆమెను ఎగాదిగా చూశాడు.

రేపైనా వేలు పడుతుందో లేదో. ఫోను మళ్లీ మోగుతోంది. రోశమ్మ దాన్ని రాళ్ల మీద బోర్లా పెట్టింది.

"పట్టవే దుర్గా," అంటూ రాయి అంచు కింద వేళ్లు దూర్చింది.