జ్ఞానకుమారి సాక్ష్యం

ఇరవై రెండేళ్లు కడుపులో దాచుకున్న మాటను మైకులో చెప్పమని జ్ఞానకుమారిని ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. షార్జాలో తమ తెలుగు క్రైస్తవ సహవాసం మొదలై పాతికేళ్లు నిండుతోందని, ఈ ఎడారికొచ్చి స్థిరపడ్డవాళ్ల జీవిత కథలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడదామని పాస్టరుగారు అన్నారంతే. తక్కినవాళ్లు తాము వచ్చిన కొత్తలో అల్ నహ్దా పేటలో సగం ఇసుకేనని, దేవుడు ఇల్లూ వాకిలీ చూపించాడని చెప్పి దిగిపోయారు. ఈవిడా అంతటితో దిగిపోయి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

కానీ సాక్ష్యమంటే పాపం ఒప్పుకోవడమేనని నరసాపురం మందిరంలో వింటూ పెరిగిన మనిషాయె! మైకు చేతికి రాగానే అసలు సంగతి ఎత్తుకుంది. తాను భీమవరంలో నర్సుగా పనిచేసింది ఎనిమిది నెలలేనని, ఉద్యోగానికి కావాల్సిన రెండేళ్లూ చేసినట్టు అక్కడి డాక్టరు చేత రాయించుకుని ఇక్కడి ఆసుపత్రిలో చేరానని చెప్పి భోరున ఏడ్చింది. హాలంతా స్తోత్రం అంది. ఆ వారమంతా ఆవిడ నేల మీద నడిస్తే ఒట్టు.

తర్వాతి వారం ఆసుపత్రి హెచ్ఆర్ నుంచి పిలుపొచ్చింది. వీడియో సంగతి విచారించాలట. దాన్ని అక్కడికి ఎవరు చేరవేశారో, ఆ పుణ్యాత్ములెవరో తెలియదు. పాస్టరుగారిని బతిమాలి తీసేయించింది గానీ, అప్పటికే అది పది ఫోన్లలో ఉంది.

జ్ఞానకుమారి నిలువునా నీరైపోయింది. భర్త దయారత్నం కంపెనీ కోవిడ్ ఏడాదే మూతపడింది. అప్పటి నుంచి అతనూ ఆవిడ వీసా మీదే ఉన్నాడు. ఇక్కడే పుట్టిన కూతురు ఫేబాకి పన్నెండో తరగతి పరీక్షలు ఇంకో రెండు నెలల్లో. ఈ ఉద్యోగం పోతే ముగ్గురూ దేశం వదలాలి. దొంగ కాగితమని కేసు పెడితే వదిలే వీలు కూడా ఉండదు. అయినా నిజమే చెప్పేస్తానని, ఇంక మోయలేనని డ్యూటీ బట్టలు మార్చుకునే గదిలో స్వర్ణతో అంది. స్వర్ణ కూడా ఆ భీమవరం ఆసుపత్రి నుంచి వచ్చిందే. వీడియోలో మాటలు హిందీలో చెప్పడానికి హెచ్ఆర్ వాళ్లు ఆమెనే రమ్మన్నారు.

స్వర్ణ తలుపు వేసి వచ్చింది. "నా కాగితం మీదా ఆ డాక్టరు సంతకమే కదక్కా. నీది తవ్వితే నాదీ బయటపడుద్ది. నీ పాపం నువ్వు ఒప్పుకున్నావు, బానే ఉంది. నా పాపం కూడా ఒప్పుకోమని నీకెవరు చెప్పారు?"



హెచ్ఆర్ ఆఫీసరు నాజ్నీన్ బల్ల మీద ఫోను పెట్టి వీడియో నడిపింది. తన ఏడుపు తనకే వినబడుతుంటే జ్ఞానకుమారికి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. స్వర్ణ తడుముకోకుండా అంతా హిందీలో చెప్పి, చివర తన మాటొకటి కలిపింది. తమ మందిరాల్లో ఇది మామూలేనని, చేయని తప్పులు కూడా చేశామని చెప్పుకుని ఏడుస్తారని అంది. ఎంత పెద్ద పాపమైతే దేవుడు అంత గొప్పగా క్షమించినట్టు లెక్కట.

నాజ్నీన్ జ్ఞానకుమారి వైపు తిరిగి, వీడియోలో చెప్పింది నిజమో అబద్ధమో చెప్పమంది. "సచ్ హై యా ఝూట్?"

స్వర్ణ బల్ల కింద ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఝూట్ హై మేడమ్" అంది జ్ఞానకుమారి. "మందిరంలో అబద్ధం చెప్పాను."

అదే మాట రాసి సంతకం పెట్టమంది నాజ్నీన్. పెట్టింది. ఆ కాగితాన్ని నాజ్నీన్ రెండుసార్లు చదివి, ప్రార్థన చేసుకునే చోట అబద్ధమెలా ఆడబుద్ధేసిందని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది. తర్వాత ఖలాస్, ఇంతటితో అయిపోయింది, డ్యూటీకి వెళ్లమని ఫైలు మూసేసింది.

ఉద్యోగం నిలబడింది. ఆదివారం దయారత్నం, ఫేబా మందిరానికి బయలుదేరుతుంటే తలనొప్పిగా ఉందని జ్ఞానకుమారి మంచం దిగలేదు. వాళ్లు వెళ్లాక లేచి మోకాళ్లూనింది. "ప్రభువా" అంది. ఆ తర్వాత తానేం చెప్పినా ఆయన నమ్మడనిపించింది. లేచి, వంటకి బియ్యం కడగడానికి వెళ్లింది.